వెలగని పచ్చ చదరం

తప్పు తనది కాదని జయంత్‌కి గట్టి నమ్మకం. ఆ మాట గురువుగారి నోట కూడా వినిపిస్తే చాలు, మిగతాది తను చూసుకుంటాడు. అందుకే పొద్దున్నే కోటిరత్నం అనే పేషెంటు ఫైలు చంకన పెట్టుకుని తాయారు మేడమ్ గదికి వచ్చాడు.

డాక్టర్ తాయారు ముప్పై ఏళ్ళుగా ఒంగోలులో కడుపు జబ్బులు చూస్తున్న మనిషి. జయంత్ కొలొనోస్కోపీ నేర్చుకున్నది ఆవిడ దగ్గరే. కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని పెద్దపేగు చివరిదాకా పంపి, మెల్లగా వెనక్కి లాగుతూ గోడలన్నీ వెతకాలి. బొడిపె కనిపిస్తే అక్కడికక్కడే తీసేయాలి. వదిలేసిన బొడిపెల్లో కొన్ని పెరిగి పెరిగి కేన్సరవుతాయి. వెనక్కి లాగడానికి కనీసం ఆరు నిమిషాలు పట్టాలని ఆవిడ మొదటిరోజే చెప్పింది. ఆవిడైతే మడత మడతకీ ఆగి, దాన్ని పక్కకి నొక్కి వెనక ఏముందో చూసేది. పక్కన నిలబడ్డవాళ్ళకి విసుగు పుట్టేది.

ఇంతలో ఆస్పత్రికి ఏఐ పెట్టె వచ్చింది. తెర మీద బొడిపె పడగానే దాని చుట్టూ పచ్చ చదరం గీసి టింగుమంటుంది. మంచి పెట్టే, అబద్ధం చెప్పకూడదు. తాయారు కళ్ళు దాటేసిన బొడిపెల్ని కూడా రెండుసార్లు పట్టిచ్చింది. ఆవిడ దాచుకోలేదు, అందరికీ తనే చెప్పింది. దాంతో జయంత్‌కి పట్టపగ్గాల్లేకుండా పోయాయి. ఆవిడ ఆరుగురిని చూసేలోగా అతను పన్నెండుమందిని చూసి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చేవాడు. "ఇది రెప్ప వెయ్యదు మేడమ్," అనేవాడు. ఆవిడ ఊరుకునేది. ఊరుకోకుండా ఉండాల్సింది.

కోటిరత్నం చీరాల దగ్గర ఒక బడిలో పిల్లలకి మధ్యాహ్నం అన్నం వండుతుంది. నిరుడు వచ్చినప్పుడు ఆమెకి ఏ నొప్పీ లేదు. "మా అన్న ఈ జబ్బుతోనే పోయాడు బాబూ. నాకూ ఉందేమో ఓపాలి చూడు," అంది. వాంతికొస్తున్నా ముక్కు మూసుకుని ఆ ఉప్పటి విరేచనాల మందంతా చుక్క మిగల్చకుండా తాగింది. పరీక్షయ్యాక జయంత్, "అద్దంలా ఉందమ్మా. ఐదేళ్ళదాకా ఇటు రానక్కర్లేదు," అన్నాడు. ఆమె రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

పద్నాలుగు నెలలకే మళ్ళీ వచ్చింది. రక్తం పోతుంటే మొలలేమో అనుకుని నాలుగు నెలలు ఓర్చుకుందట. డాక్టరు బాబు ఏమీ లేదన్నాడు కదా అని ధైర్యం. ఇప్పుడు జబ్బు కాలేయమంతా పాకింది, కోసి తీసేసే దశ దాటిపోయింది. ఆ సంగతి ఆమెకి ఇంకా ఎవరూ చెప్పలేదు. ఇవాళ జయంత్ చెప్పాలి.

"పెట్టె ఒక్కసారి కూడా పలకలేదు మేడమ్. రికార్డింగ్ ఉంది, మీరే చూడండి," అన్నాడు. "కంపెనీకి రాద్దాం. ఆమెకీ అదే చెప్తాను, మిషన్ పట్టుకోలేకపోయిందని."

తాయారు లేచి కిటికీ తెరలు లాగింది. ఆ పాత వీడియో పెట్టింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు.

గొట్టం వెనక్కి వస్తోంది. తెర మూలన సెకన్లు నడుస్తున్నాయి. గులాబీరంగు గోడలు జారిపోతున్నాయి. కాలేయం కింది మలుపు దగ్గర, ఇప్పుడు గడ్డ దొరికిన చోటే, లావుపాటి మడత ఒకటి వచ్చింది, పోయింది. కెమెరా దాని వెనక్కి తిరగలేదు. పచ్చ చదరం వెలగలేదు. మూడు నిమిషాల ఇరవై సెకన్లకి గొట్టం బయటికొచ్చేసి తెర నల్లబడింది.

జయంత్ కిటికీ తెరలు తీయడానికి లేచాడు.

"కూర్చో. ఇంకా అవలేదు."

"అయిపోయింది మేడమ్."

"ఆరు నిమిషాలు కాలేదు."

ఆవిడ చేతి వాచీ విప్పి ఇద్దరి మధ్యా బల్ల మీద పెట్టింది. మళ్ళీ తెర వైపు తిరిగి, రోజూ పేగుని చూసేంత శ్రద్ధగానే ఆ నలుపుని చూస్తూ కూర్చుంది.

జయంత్‌కి ముందు ఒళ్ళు మండింది. తర్వాత సిగ్గేసింది. బయట వరండాలో ఎవరో స్ట్రెచర్ తోసుకుపోయారు. ఒక్క నిమిషమే గడిచింది. ఈ నిమిషంలో ఆ మలుపు దాకా మళ్ళీ వెళ్ళి, మడతని నొక్కి, వెనక చూసి రావచ్చు. తర్వాతి నిమిషంలో ఇంకోసారి చూడొచ్చు. ఇంకా టైము మిగిలే ఉంది. అతనికి ఏడుపు ముంచుకొచ్చింది. ఆవిడ అతని వైపు చూడలేదు, వాచీ వంకే చూసింది.

రెండు నిమిషాల నలభై సెకన్లు అయ్యాక ఆవిడ వాచీ తీసి పెట్టుకుంది.

జయంత్ ఫైలు అందుకున్నాడు. కంపెనీ మాట ఎత్తలేదు.

"సరిగ్గా చూడలేదని చెప్తాను మేడమ్. నేనే."

"పద, నేనూ వస్తాను. నువ్వు పరుగులు పెడుతుంటే చూస్తూ ఊరుకున్నదాన్ని."

వార్డు గుమ్మం దగ్గర ఆవిడ ఆగింది. లోపల కోటిరత్నం మంచం మీంచి వీళ్ళని చూసి, కొంగు సర్దుకుని లేచి కూర్చుంటోంది.

"నిలబడి చెప్పకు," అంది తాయారు. "స్టూలు లాక్కుని కూర్చో. ఆమె అడగడం అయ్యేదాకా లేవకు."