చీలకొండ చీలమ్మ కాటుక చక్రం

చీలకొండ మీద వెలసిన చీలమ్మ తల్లి దర్శనానికి వచ్చేవారు కొబ్బరికాయతోపాటు ఒక కొయ్యచీల కూడా తెస్తారు. కొత్తవారు చూసి నవ్వుకుంటారు. అమ్మవారి ముందున్న కొయ్యచక్రాన్నీ, ఆమె ఎడమ కనుబొమ మీది గాటునూ చూశాక వారే వచ్చి కథ అడుగుతారు.

పూర్వం ఈ కొండమీద గురవాచారి అనే శిల్పి నల్లరాతిలో అమ్మవారిని మలిచాడు. కంటిగీతలు చెక్కి కళ్ళు తెరవడం ఒక్కటే మిగిలి ఉండగా అతని చేతులకు వణుకు పట్టుకుంది. "కన్ను తెరవని తల్లికి పూజ లేదు. పున్నమినాటికి నీవల్ల కాకుంటే వేరే శిల్పిని పిలిపిస్తాను" అన్నాడు ఊరిపెద్ద. కన్నబిడ్డను పరాయివాడి ఒడిలో పెట్టమన్నట్టయింది గురవాచారికి. అన్నం మానేసి అమ్మవారి పాదాల దగ్గరే పడుకున్నాడు.

తల్లి కలలో కనిపించి, "నీ ఇంటి తిరగలి తెచ్చుకో నాయనా" అని మాయమయింది. అంతటి శిల్పి ఏం చేశాడనుకున్నారు? తిరగలిని కొండెక్కించి, పసుపు రాసి, బొట్టు పెట్టి, దండం పెడుతూ కూర్చున్నాడు!

అతని భార్య కాళమాంబ రాగుల మూటతో రొప్పుతూ వచ్చింది. "మొక్కితే పిండి రాలుతాదా? సంగటికి పిడికెడు పిండి లేదు, లెయ్ పక్కకి" అని అక్కడే విసరసాగింది. గురవాచారి చూపు ఆమె చేతిమీద నిలిచింది. రాయి గుండ్రంగా తిరుగుతోంది. మోచెయ్యి మాత్రం ముందుకూ వెనక్కూ పోతోంది.

"ఏందయ్యా, కొత్తపెండ్లికొడుకు మాదిరి అట్ల చూస్తండావు?"

"దొరికిందే! అమ్మ చెప్పింది ఇదే!"

అతడు కొయ్యచక్రం చేసి, అంచున చీల దిగ్గొట్టాడు. కొయ్యబద్ద ఒక కొసను ఆ చీలకు వదులుగా తగిలించి, రెండో కొసకు, అమ్మవారి కంటి ఎదుట అమర్చిన గాడిలో జారేలా, రాతిని గీసే ఉక్కు ములికిని కట్టాడు. వణికే చేతులతోనే చక్రం తిప్పాడు. ములికి గాడి తప్పలేదు గానీ, మరీ దూరం పోయి కనుబొమను గీసింది. గురవాచారి గొల్లుమన్నాడు.

"ఏడ్చేది తర్వాత. చీల లోపలికి జరుపు" అంది కాళమాంబ. "తిరగలి పిడైనా నడుమకు దగ్గరయితే చెయ్యి కొంచెమే పోతాది."

అతడు చక్రం అంచు నుంచి నడుమ దాకా కన్నాలు తొలిచాడు. చీల లోపలికి జరిగేకొద్దీ ములికి నడక కురచై, చివరికి సరిగ్గా కన్ను పొడవుకు కుదిరింది. పున్నమి ఉదయాన గురవాచారి తన చేతులతోనే తల్లి కళ్ళు తెరిచాడు. కొండంతా జయజయధ్వానాలతో మారుమోగింది. అందరికంటే ముందు సాగిలపడినవాడు ఊరిపెద్దే.

నేటికీ దసరాలలో అమ్మవారికి కాటుక దిద్దేది ఆ చక్రంతోనే. భక్తులు తెచ్చిన చీలల్లో ఒకటి లోపలి కన్నంలో దిగుతుంది. చక్రం తిప్పే గౌరవం ఊళ్ళో అందరికంటే చెయ్యి బాగా వణికేవారిది. చేతులు సాగక దిగులుపడేవారికి ఈ తల్లి కొండంత అండ. పోయిన దసరాకు ఆ భాగ్యం ఓబుళమ్మ అవ్వకు దక్కింది. గ్లాసు పట్టుకుంటే సగం నీళ్ళు ఒలికిపోయే చేతులవి. కాటుక మాత్రం వెంట్రుకవాసి చెదరలేదు.