దారం అందినంత దూరం

మేరీ సరోజకి పెద్ద చిక్కొచ్చి పడింది.

లెన్సు బాగా తెరిస్తే పాప ముఖం ముత్యంలా వస్తోంది. స్టూడియో వసారా వెనక గోడమీది సిమెంటు ప్రకటన పచ్చటి మంచులా కరిగిపోతోంది. కానీ పాప వెనక నిలబడ్డ తల్లి కూడా ఆ మంచులోనే కలిసిపోతోంది. లెన్సు మూస్తూ పోతే తల్లి తేలుతోంది. ఆమెతోబాటే సిమెంటు బస్తా బొమ్మ, పక్కింటి దండెంమీది లుంగీ, అన్నీ తేలుతున్నాయి.

చీరాలలో కాశింవలి మాస్టారి స్టూడియోలో పని నేర్చుకుంటోంది సరోజ. వెనకంతా కరిగించి ముఖాన్ని నిలబెట్టడంలో తన తర్వాతే ఎవరైనా అని ఆమెకి కాస్త గీర. అందుకే మాస్టారిని అడక్కుండా, లెన్సు బారుగా తెరిచి ఒక ఫొటో తీసేసి పాపకి చూపించింది.

పాప పేరు లిఖిత. ఎనిమిదేళ్లుంటాయి. తెల్లారితే గుంటూరులో గుండె ఆపరేషను.

"పన్ను ఊడింది కనబడలేదు కదక్కా?"

"లేదులేవే. హీరోయిన్‌లా ఉన్నావు."

లిఖిత కెమెరా మీదకి వంగి చూసింది. "మరి అమ్మేదీ?"

"ఇదిగో, నీ వెనకే."

"ఇది అమ్మ చీర. అమ్మేదీ?"

తల్లి నాగేంద్రమ్మ అడ్డుపడింది. "నాదేముందిలే అమ్మా. పిల్లది బాగా వచ్చిందిగా, చాలు."

"చాలదు," అంది లిఖిత. "ఆపరేషనయ్యాక అద్దాల గదిలో పడుకోబెడతారంట. నిన్ను రానివ్వరంట. ఫొటో అయితే పెట్టుకోనిస్తానంది నర్సమ్మ."

నాగేంద్రమ్మ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సరోజ లోపలికి నడిచింది.

"గోడ పోవాలి, అమ్మ ఉండాలి. లెన్సు ఎంత తెరవమంటారు మాస్టారూ?"

కాశింవలి సొరుగులోంచి దారపుండ తీసుకుని వసారాలోకి వచ్చారు. ఒక కొస లెన్సు కింద కట్టారు. దారం బిగలాగి, లిఖిత కనుబొమ్మదాకా తెచ్చి తెంపారు.

"నొప్పి పెట్టదుగా తాతా?"

"దీనికి పెట్టదు తల్లీ."

ఆ కొస నాగేంద్రమ్మ చేతికిచ్చారు. "నీ కనుబొమ్మకి ఆనించుకోమ్మా."

ఆమె నిలబడ్డచోటికి అది రాలేదు.

"చాలట్లేదు సాయిబుగారూ."

"దారం అంతే ఉందమ్మా."

ఆమె వంగింది. ఇంకా చాలలేదు. చివరికి పాప స్టూలు పక్కకి వచ్చి, మోకాళ్లమీద కూర్చుంది. దారం అందింది. చెంపకి చెంప తగిలింది.

"అమ్మా, నీ చెంప తడిగా ఉంది."

"చెమటలేవే."

"చలికాలంలోనా!"

ఇద్దరికీ నవ్వొచ్చింది. మాస్టారు దారం తీసేశారు. సరోజ నొక్కింది.

రెండు జతల కళ్లు, రెప్ప రెప్పా లెక్కపెట్టొచ్చు. వెనక ఉత్త పచ్చదనం.

"పన్ను కనబడిపోయిందే," అంది సరోజ, భయపడుతూ.

"పోన్లే. అమ్మ చూసిందేగా," అంది లిఖిత.

సరోజ మాస్టారి వైపు తిరిగింది. "లెన్సు సంగతి మీరు చెప్పనేలేదు."

"నువ్వెంత తెరిచావు?"

సరోజ కెమెరా చూసుకుంది. ఇందాకటి దానికీ దీనికీ వెంట్రుకంత తేడా లేదు. అసలు దాని మీద చెయ్యే వెయ్యలేదు. మారిందల్లా అమ్మ కూర్చున్న చోటే.

"ఊఁ," అన్నారు మాస్టారు. "ప్రింటు పెద్దది తియ్యి. పడుకుని చూడాలి పాప."