మండపేట బ్రాంచిలో పడిపోయిన డ్రైవు

మండపేటలో తెలివైనవాళ్ళు ఎవరని అడిగితే నాగభూషణం ముందు తన పేరు చెప్పేవాడు. తర్వాత భార్య కనకం పేరు, ఆ తర్వాత తమ్ముడు సత్తిపండు పేరు చెప్పేవాడు. నాలుగో పేరు అడిగితే కాసేపు ఆలోచించి, ఇంకెవరూ లేరనేవాడు.

"మిగతావాళ్ళకి ఒకటి చెప్తే ఇంకోటి అర్థం చేసుకుంటారు. మనం అలా కాదు. చెప్పింది చెప్పినట్టు చేస్తాం" అనేవాడు.

"అక్షరం తేడా రాదు" అనేది కనకం.

"అక్షరం ఏంటి వదినా, పొల్లు కూడా రాదు" అనేవాడు సత్తిపండు.

వీళ్ళ మేనమామ బలరామయ్యకి రాజమండ్రిలో శుభలేఖల ప్రెస్సు ఉంది. మండపేటలో మందుల షాపు మీద మేడగదిలో ఓ బ్రాంచి తెరిచి వీళ్ళ ముగ్గురినీ కూచోబెట్టాడు. ఒక కంప్యూటరు, ఒక ప్రింటింగు మిషను, అంతే. కార్డుల డిజైన్లన్నీ రాజమండ్రి కంప్యూటర్లో ఒక డ్రైవులో ఉంటాయి. ఇక్కడ కంప్యూటరు తెరిస్తే అక్కడి డ్రైవు ఇక్కడ కనపడుతుంది. రెండు ఊళ్ళకీ మధ్య ఇంటర్నెట్టులో వీపీఎన్ అని ఓ దారి వేశారు. ఆ దారి అప్పుడప్పుడు తెగేది. తెగితే డ్రైవు మాయం. డ్రైవు మాయమైతే ముగ్గురూ మళ్ళీ వచ్చేదాకా ఎదురుచూస్తూ టీలు తాగేవాళ్ళు.

ఇలా రెండు ఆర్డర్లు చెడిపోయాక బలరామయ్యకి కోపం వచ్చింది. "ఈసారి ఒక్క ఆర్డరు తేడా వచ్చిందంటే బ్రాంచి ఎత్తేస్తాను" అన్నాడు ఫోనులో.

"మామయ్య పెద్దవాడైపోయాడు, అంత బరువు ఎత్తగలడా?" అని సత్తిపండు బెంగపడ్డాడు. కానీ నాగభూషణానికి గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే మర్నాడే పక్కూరు ఏడిద నుంచి హైమ వస్తుంది. హైమ బళ్ళో లెక్కలు చెప్పే పిల్ల. పెళ్ళి పది రోజుల్లో ఉంది. మూడొందల కార్డులు. సాయంత్రం నాలుగింటికి తీసుకెళ్ళాలి, ఐదింటికి వాళ్ళ మేనమామలు పంచడానికి బయల్దేరాలి.

మర్నాడు పొద్దున్న పదింటికి కంప్యూటరు తెరిచారు. డ్రైవు బొమ్మ మీద ఎర్రటి ఇంటూ గుర్తు. ఇంకేముంది, నాగభూషణం రాజమండ్రిలో ఇంజినీరు ఫణీంద్రకి ఫోను చేశాడు.

"డ్రైవు కనపడటం లేదండి."

"మళ్ళీ పడిపోయిందా?" అన్నాడు ఫణీంద్ర.

"ఉండండి, చూస్తాం."

ముగ్గురూ బల్ల కింద దూరారు. బీరువా జరిపారు. కనకం చీపురు తెచ్చి మూలమూలలా ఊడ్చింది. రెండు పిన్నులు, ఒక కుంకుడుకాయ దొరికాయి.

"కింద ఎక్కడా పడలేదండి. మెట్ల మీద కూడా చూశాం" అన్నాడు నాగభూషణం.

"భూషణం గారూ, నేను ఇక్కడ చూసి చెప్తాను. అందాకా మీరు లైన్లో ఉండండి" అన్నాడు ఫణీంద్ర.

అంతే, నాగభూషణం లేచి నిలబడ్డాడు. వెనక కనకం, కనకం వెనక సత్తిపండు. పది నిమిషాలు అలాగే నిలబడ్డారు. సత్తిపండు కొంచెం పక్కకి జరిగితే కనకం "సరిగ్గా నిలబడు మరిదీ, తెగిపోగలదు" అని సర్దింది.

ఫణీంద్ర మళ్ళీ మాట్లాడాడు. "దొరికిందండి. టన్నెల్ పడిపోయింది."

"టన్నెల్ అంటే?"

"సొరంగం లాంటిదండి. రాజమండ్రి నుంచి మీ ఆఫీసు దాకా. దాంట్లోంచే మీ ఫైళ్ళు వస్తాయి. అది మళ్ళీ లేపాలి. పావుగంట ఆగండి, నేనే..."

మిగతాది ఎవరు వింటారు? నాగభూషణం ఫోను బల్ల మీద పెట్టేశాడు. మొహం పాలిపోయింది.

"కనకం, సొరంగం కూలిపోయిందిట. హైమమ్మ పెళ్ళి కార్డు లోపల ఉండిపోయింది."

"అయ్యో, ఊపిరాడుతుందో లేదో" అంది కనకం.

సత్తిపండు కిందికి పరుగెత్తి పక్కింటి నుంచి గడ్డపార తెచ్చాడు. సొరంగం ఎక్కడ మొదలవుతుందని వెతికారు. గోడ వారన కిటికీ కింద ఒక చిన్న కన్నం కనిపించింది. ఇదే అయ్యుంటుందని సత్తిపండు గడ్డపారతో నాలుగు పోట్లు పొడిచాడు. కన్నం కాస్తా పెద్ద బొక్క అయింది. లోపల నల్లగా, సన్నగా, పొడుగ్గా ఏదో కదిలింది.

"పాము" అన్నాడు సత్తిపండు. అంతే, గడ్డపార ఎత్తి ఒక్క దెబ్బ వేశాడు. అది రెండు ముక్కలయింది.

కాసేపటికి ఫణీంద్ర మళ్ళీ చేశాడు. "నేను ఇక్కడ అంతా సరిచేశాను. కానీ ఇప్పుడు మీ ఇంటర్నెట్టే లేదు. ఏమైంది?"

"సొరంగం బాగు చేస్తుంటే ఒక నల్లపాము అడ్డం వచ్చిందండి. చంపేశాం. భయం లేదు" అన్నాడు నాగభూషణం.

"పాముకి లోపల రాగితీగలు ఉన్నాయా?"

"ఉన్నాయండి. మీకెలా తెలుసు?"

ఫణీంద్ర నెమ్మదిగా అడిగాడు, "మీలో ఎవరి ఫోనులో అయినా నెట్ ఉందా?"

"నా ఫోనులో ఉంది" అన్నాడు సత్తిపండు.

"బతికించారు. ఆ నెట్ కంప్యూటరుకి ఇవ్వండి."

సత్తిపండు చేతులు కడుక్కుని వచ్చాడు. ఫోనుని రెండు చేతులతో పట్టుకుని కంప్యూటరు ముందు వంగి నిలబడ్డాడు. కనకం పక్కన రెండు తమలపాకులు, వక్క పెట్టింది.

"ఇస్తున్నాం. పుచ్చుకోవట్లేదండి" అన్నాడు నాగభూషణం. "మొహమాటపడుతున్నట్టుంది."

ఆ ఫోనులో ఏ గుర్తు నొక్కాలో, కంప్యూటర్లో ఏ గుర్తు నొక్కాలో చెప్పేసరికి పన్నెండయింది. చివరికి నెట్ అందింది.

"ఇప్పుడు పాస్‌వర్డ్ అడుగుతుంది. మండపేట అని ఇంగ్లీషులో. అన్నీ చిన్న అక్షరాలే. మధ్యలో ఖాళీ లేకుండా కొట్టండి" అన్నాడు ఫణీంద్ర.

"చిన్న అక్షరాలు నేను చూసుకుంటాను" అని కనకం చిటికెన వేలితో ఒక్కో అక్షరం సుతారంగా నొక్కింది. "కొట్టడం నువ్వు చూసుకో మరిదీ." సత్తిపండు రెండు చేతులతో కంప్యూటరుని డప్పు వాయించినట్టు వాయించడం మొదలుపెట్టాడు. మధ్యలో ఖాళీ ఉండకూడదు కదా, వాడు అలసిపోతే నాగభూషణం అందుకున్నాడు.

"ఆ చప్పుడేంటండి?" అన్నాడు ఫణీంద్ర.

"ఖాళీ ఇవ్వడం లేదండి. మీరేం కంగారుపడకండి."

ఎవరి అదృష్టమో తెలీదు, కనకం నొక్కినవి సరిగ్గా పడ్డాయి. డ్రైవు వచ్చింది. ఎర్ర ఇంటూ పోయింది. హైమ పెళ్ళి కార్డు కనిపించింది.

"బతికే ఉంది" అని కనకం కళ్ళు తుడుచుకుంది.

"వినండి," అన్నాడు ఫణీంద్ర. "జబ్బు ఏంటో తెలిసింది. పది నిమిషాలు ఊరికే వదిలేస్తే ఈ డ్రైవు తెగిపోతోంది. సాయంత్రం ఆ సెట్టింగు మారుస్తాను. అందాకా వదిలెయ్యకండి, కదిలిస్తూ ఉండండి. చాలు."

ఇంకేముంది, మిషను కార్డులు కొడుతున్నంతసేపూ అన్నదమ్ములిద్దరూ కంప్యూటరుని చెరోవైపు పట్టుకుని ఊపారు. ఉయ్యాలలో పిల్లని ఊపినట్టు ఊపారు. కనకం జోల పాడబోయింది.

"పాడకు, నిద్రపోతే మళ్ళీ పడిపోతుంది" అన్నాడు నాగభూషణం.

మూడింటికి మూడొందల కార్డులూ అయిపోయాయి. పసుపు రంగు మీద ఎర్ర అక్షరాలు, ఎక్కడా వంక లేదు. నాగభూషణం ఒక కార్డు చేత్తో పట్టుకుని చాలాసేపు చూశాడు. వాళ్ళ బ్రాంచిలో ఇంత బాగా ఏదీ రాలేదు. మామయ్యకి ఫోను చేసి చెప్పాడు. బలరామయ్య "శభాష్" అన్నాడు. ఆయన నోట ఆ మాట వినడం అదే మొదటిసారి.

అప్పుడే ఫణీంద్ర కూడా ఫోను చేశాడు. "అయ్యాయా? సంతోషం. ఒక్క మాట. ఇంత కష్టపడి చేసింది ఒక్కచోటే ఉంచకూడదండి. ఏదో రోజు మొత్తం పోతుంది. ఒక కాపీ వేరే ఊళ్ళో భద్రంగా ఉండాలి. ఎక్కడుందో ఎవరికీ తెలియకూడదు."

ఫోను పెట్టేశాక ముగ్గురూ మొహాలు చూసుకున్నారు.

"ఒక్క కాపీ పంపితే ఒక్కటే భద్రం. మిగతా రెండొందల తొంభై తొమ్మిదీ ఏం కావాలి?" అంది కనకం.

"అన్నీ పంపేద్దాం" అన్నాడు నాగభూషణం.

అంతే, కార్డులన్నీ మూట కట్టి బస్టాండుకి తీసుకెళ్ళారు. ఎవరికీ తెలియకూడదు కాబట్టి మూట మీద అడ్రసు రాయలేదు. తాము కూడా అందరిలో లెక్కే కాబట్టి ముగ్గురూ కళ్ళు గట్టిగా మూసుకుని, చేతికి తగిలిన బస్సులో మూట పెట్టేసి, తడుముకుంటూ బయటికొచ్చారు.

నాలుగింటికి హైమ వచ్చింది. మెట్లెక్కి ఆయాసపడుతూ, "కార్డులు అయ్యాయా బాబాయిగారూ?" అంది.

"అయ్యాయమ్మా. చాలా భద్రంగా ఉన్నాయి."

"ఎక్కడున్నాయి?"

"అది మాకు కూడా తెలియకుండా జాగ్రత్తపడ్డాం" అన్నాడు నాగభూషణం.

హైమ ఒక్కొక్క ప్రశ్నే అడిగి మొత్తం రాబట్టింది. బళ్ళో పిల్లల్ని అడిగినట్టే అడిగింది. అంతా విన్నాక గోడకి ఉన్న బొక్క వైపు చూసింది, తమలపాకుల వైపు చూసింది. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఐదింటికి మా మావయ్యలు బయల్దేరాలి. ఇప్పుడు వాళ్ళకి ఏమని చెప్పను? మీరు ముగ్గురూ ఇక నా కళ్ళకి కనపడకండి" అని గిర్రున తిరిగి మెట్లు దిగింది.

ముగ్గురికీ గుండె కలుక్కుమంది. ఇంత మంచి పిల్లని ఏడిపించాం, కనీసం ఈ మాటైనా వినాలి అనుకున్నారు. కళ్ళకి కనపడకూడదంటే ఎక్కడుండాలి? వెనకాల ఉండాలి. అంతే, ముగ్గురూ ఆమె వెనకాలే నడిచారు. ఆమె ఆగితే ఆగారు. ఆమె పక్కకి తిరిగితే గబగబా చుట్టూ తిరిగి మళ్ళీ వెనక్కి చేరారు.

హైమ మూట వెతుక్కుంటూ తిన్నగా బస్టాండుకి వెళ్ళింది. అక్కడ ఇంకా కదలని కాకినాడ బస్సు దగ్గర కండక్టరు మూట పట్టుకుని నిలబడి ఉన్నాడు. "అడ్రసు లేని మూట ఎవరిదండీ?" అని అరుస్తున్నాడు.

"నాదండి. నా పెళ్ళి కార్డులు" అంది హైమ.

"పెట్టినవాళ్ళు సంతకం పెడితేనే ఇస్తానమ్మా. కళ్ళు మూసుకుని ముగ్గురు వచ్చి పెట్టి వెళ్ళారు. మీ వెనకాల ఉన్నది వాళ్ళే కదా, ముందుకి రమ్మనండి."

"బాబాయిగారూ, రండి" అంది హైమ.

"రాలేమమ్మా. వస్తే మీకు కనపడతాం" అన్నాడు వెనక నుంచి నాగభూషణం.

డ్రైవరు హారను కొట్టాడు. హైమకి ఇంకేం తోచలేదు. రెండు చేతులతో కళ్ళు మూసుకుంది. నాగభూషణం ముందుకెళ్ళి సంతకం పెట్టి, మూట తీసుకుని మళ్ళీ వెనక్కి వచ్చేశాడు. బస్సు కదిలింది.

హైమ కళ్ళు తెరిచి చేతులు చాపింది. "మూట ఇటివ్వండి."

"ఇవ్వాలంటే ముందుకి రావాలి కదమ్మా. మీరు ఆటో ఎక్కండి, మేం తెస్తాం."

టైము నాలుగున్నర అవుతోంది. హైమ మారుమాట లేకుండా ఆటో ఎక్కి, "ఏడిద, నెమ్మదిగా పోనీ అన్నా" అంది.

ఐదింటికి ఏడిద వీధిలో వాళ్ళ మేనమామలు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. ముందు ఆటో వచ్చింది. దాని వెనకాల నెత్తిన మూటతో సత్తిపండు, వాడి వెనక నాగభూషణం, చెప్పులు చేత పట్టుకుని కనకం, రొప్పుతూ పరుగెత్తుకొచ్చారు. కార్డులు వేళకి అందాయి. మేనమామలు సంతోషించి, "ఇంత కష్టపడ్డారు, ఇవాళ మా ఇంట్లో కాళ్ళు కడుక్కుని భోంచేసి వెళ్ళాలి" అన్నారు.

"తప్పకుండా" అన్నాడు నాగభూషణం. ముగ్గురూ తిన్నగా ఇంట్లోకి వెళ్ళి, నడింట్లో పట్టెమంచం మీద కూచుని, బిందెడు నీళ్ళు తెప్పించుకుని అక్కడే కాళ్ళు కడుక్కున్నారు.