నక్క సోమలింగం ఖాయం ఓటర్ల సర్వే

ఏడు కోనలకూ కలిపి తాగే నీళ్ళున్నది ఒక్క మడుగులోనే. ఎండలు ముదిరితే వాగులూ చెలమలూ చేతులెత్తేస్తాయి. ఈ మడుగు మాత్రం అంచులు ఎండి నెర్రెలిచ్చినా నడిమధ్యన కాసిని నీళ్ళు దాచుకుని కూర్చుంటుంది. అందుకని ఎవరు ఎప్పుడు తాగాలో వంతులు వేయడానికి ఐదేళ్ళకోసారి ఏడు కోనల జంతువులూ ఓట్లేసి నీటిపెద్దను ఎన్నుకుంటాయి. గెలిచినవాళ్ళ మంద అందరికంటే ముందు తాగుతుంది. ఓడినవాళ్ళ మంద అందరికంటే చివర తాగుతుంది. చివర అంటే ఏమిటో చెప్పనా? దున్నలు దిగి, ఏనుగులు చిమ్ముకుని, పందులు పొర్లి వెళ్ళాక మిగిలేది. దాన్ని నీళ్ళనడానికి నాకు నోరు రావడం లేదు.

పోయినసారి దుప్పి నాంచారమ్మ నిలబడి ఓడింది. ఐదేళ్ళపాటు ఆమె మంద ఆ బురదే తాగింది. ఆ ఐదేళ్ళలో నాలుగు పిల్లలు చచ్చిపోయాయి. ఇంకో ఐదేళ్ళు అదే వంతయితే మంద మొత్తం అడవి విడిచి పోవలసిందే. అయినా ఆవిడ ఈసారి కూడా నిలబడింది. ఎదురుగా ఉన్నది నీటిపెద్ద కుర్చీలో కూర్చున్న అడవిపంది భూషయ్య.

భూషయ్యకు గెలుస్తానని ధీమా ఉంది గానీ కంటిమీద కునుకు లేదు. నక్క సోమలింగాన్ని పిలిపించాడు.

"సోమలింగం, అడవి ఎటు మొగ్గుతోందో నాకు తెలియాలి. గాలి కబుర్లు వద్దు."

"సర్వే చేసేద్దాం దొరా. అందర్నీ అడగనక్కర్లేదు. అడవిలో సగంమంది ఓటెయ్యడానికే రారు. వాళ్ళ చుట్టూ తిరిగితే కాళ్ళనొప్పులు తప్ప ఏమొస్తుంది? ఖాయంగా వచ్చేవాళ్ళనే ఏరి అడుగుతా."

"ఎవరు ఖాయమో నీకెలా తెలుస్తుంది?"

"మొదటి ప్రశ్న అదే. పోయినసారి ఓటేశావా? వేశానంటే రెండో ప్రశ్న, ఈసారి ఎవరికి? వేయలేదంటే దణ్ణం పెట్టి వచ్చేయడమే."

భూషయ్యకు ఆ పద్ధతి తెగ నచ్చింది. నాకైతే ఆ రోజే అనుమానం వచ్చింది, కానీ నన్ను అడిగేదెవరు?

సోమలింగం తన ఇద్దరు బావమరుదుల్ని వెంటేసుకుని తొమ్మిది రోజులు ఏడు కోనలూ తిరిగాడు. రెండో కోనలో కుందేలు పుల్లమ్మ బొరియ ముందు ముగ్గురూ కూర్చున్నారు. ఒకడు వాకిలికి ఎదురుగా, ఒకడు పక్కన, ఇంకొకడు వెనక దోవ దగ్గర.

"పుల్లమ్మా, పోయినసారి ఓటేశావా?"

"వేశాను బాబూ."

"ఈసారి ఎవరికేస్తావు?"

పుల్లమ్మ లోపల్నుంచే వెనక దోవ వైపు చూసింది. "మీరు ఎవరికి వెయ్యమంటారు?"

"అలా మేం చెప్పకూడదమ్మా. భూషయ్యగారు పంపితే వచ్చాం. నీ మనసులో ఉన్నది ధైర్యంగా చెప్పు."

"అయితే భూషయ్యగారికే."

"మనస్ఫూర్తిగా?"

"మనస్ఫూర్తిగానే బాబూ. ఇక వెళ్తారా? పిల్లలకి మేత తేవాలి."

సోమలింగం ఆకు మీద ఒక గీత గీసుకున్నాడు. మిగతా కుందేళ్ళూ, కౌజుపిట్టలూ, ఉడతలూ అందరూ అంత మనస్ఫూర్తిగానే చెప్పారు. ఇంత మర్యాదగల ఓటర్లను తానెప్పుడూ చూడలేదని అతను దారిపొడవునా బావమరుదులతో మురిసిపోయాడు.

పదో రోజు ఫలితం చెప్పాడు. "వందకు డెబ్బై రెండు మనకే దొరా."

భూషయ్య ఆనందం పట్టలేక ఆ మధ్యాహ్నమే సభ పెట్టాడు. ఎక్కడ? మడుగు ఎండిన అంచు మీద, నెర్రెలిచ్చిన ఒండ్రు నేల మీద. నూట నలభై పందులూ వచ్చి నిలబడ్డాయి.

"గెలవగానే ఈ ఎండిన మేరంతా మనం పెళ్ళగిస్తున్నాం. కింద తుంగగడ్డలు తవ్వినకొద్దీ ఉన్నాయి. అన్నీ మనవే."

ఒక ముసలి పంది అడిగింది. "కింద కప్పలు పడుకుని ఉంటాయి కదయ్యా. వాటిని కూడా పెళ్ళగించేస్తామా?"

భూషయ్య నవ్వాడు. "కప్పలకు జాబితాలో పేరుంది గానీ ఓటు లేదు. ఎన్నికలు జరిగేది రోహిణి కార్తెలో. ఇన్నేళ్ళలో ఒక్క కప్పయినా వచ్చి ఓటేయడం చూశామా? అవి ఉంటే ఎంత, పోతే ఎంత?"

మందంతా విరగబడి నవ్వింది. ఆ ఊపులో ఆ నేల మీదే ఎగిరెగిరి చిందులేసింది.

మర్నాడు సోమలింగం నాంచారమ్మ దగ్గరికి రాయబారం వెళ్ళాడు.

"అమ్మా, మీ మంచి కోరి వచ్చాను. డెబ్బై రెండు వాళ్ళకి, ఇరవై ఎనిమిది మీకు. ఓడితే మళ్ళీ చివరి వంతే. అదే ఈపాటికి తప్పుకున్నారనుకోండి, మీ మందకు నడిమి వంతు ఇస్తానని భూషయ్యగారు మాటిచ్చారు."

నాంచారమ్మ తన మంద వైపు చూసింది. డొక్కలు ఎండిన పిల్లలు ఆవిడ కాళ్ళకు ఆనుకుని నిలబడి ఉన్నాయి. నడిమి వంతంటే నీళ్ళు. నిజమైన నీళ్ళు. కళ్ళలో తడి కనబడకుండా తల తిప్పుకుంది.

"ఇంతమందిని ఎలా అడిగావు సోమలింగం?"

"అందర్నీ ఎందుకమ్మా? పోయినసారి ఓటేసినవాళ్ళనే. వేయనివాళ్ళని లెక్కలోకే తీసుకోలేదు."

ఐదేళ్ళు చివరి వంతు తాగినవాళ్ళకు మడుగు అంచు సంగతి బాగా తెలుస్తుంది. ఆ ఒండ్రు కింద ఎంతమంది ఊపిరి బిగబట్టి వాన కోసం కాచుక్కూర్చున్నారో ఆవిడ కాళ్ళకు తెలుసు.

"ఒక్కరోజు ఆలోచించుకోనీ" అంది.

ఆ ఒక్కరోజులోనే సోమలింగం కొంప ముంచే సలహా ఒకటి ఇచ్చాడు.

"దొరా, మనకున్న భయం ఒక్కటే, ఎండ. మనవాళ్ళకి ఎండ బొత్తిగా పడదు. మన ఖాయం ఓట్లు బురదగుంటల్లోనే ఆగిపోతే? ఎన్నికని మృగశిరకు జరిపించండి. నాలుగు చినుకులు పడి నేల చల్లబడ్డాక మనవాళ్ళు హాయిగా నడిచొస్తారు."

ఎన్నికలు జరిపేది ముసలి ఏనుగు. ఆవిడను అందరూ పెద్దమ్మ అంటారు. భూషయ్య మొర విని పెద్దమ్మ ఇద్దర్నీ పిలిపించింది.

"తేదీ మార్చాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి. నాంచారమ్మా, నీకేమైనా అభ్యంతరమా?"

"నాకేం అభ్యంతరం లేదు పెద్దమ్మా. నేను తప్పుకోవడమూ లేదు."

భూషయ్య, సోమలింగం మొహమొహాలు చూసుకున్నారు. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందని వాళ్ళు అనుకోలేదు. బయటికొచ్చాక సోమలింగం పకపకా నవ్వాడు. "పాపం, ఆశ చావలేదు."

మృగశిర రెండో రోజు మధ్యాహ్నం వాన పడింది. మామూలు వాన కాదు. కుండలతో గుమ్మరించినట్టు సాయంత్రం దాకా పడింది. మర్నాడే ఓటింగు.

తెల్లారేసరికి అడవి అడవంతా ఉలిక్కిపడి లేచింది. మడుగు దగ్గర్నుంచి ఒకటే రొద. భూషయ్య పరిగెత్తుకొచ్చి చూసి నిలబడిపోయాడు. మడుగు అంచు నుంచి ఓట్లేసే గుహ దాకా వరస. కప్పలు. పచ్చవీ, పసుపువీ, గోధుమరంగువీ, అరచేతంతవీ, వేలిగోరంతవీ. ఒక్కో కప్ప నోట్లో ఒక్కో గులకరాయి. పెద్దమ్మ జాబితా పట్టుకుని పేర్లు పిలుస్తోంది, ఒక్కొక్కటీ గెంతి లోపలికి వెళ్తోంది. లోపల రెండు గుంటలు, ఎడమది భూషయ్యది, కుడిది నాంచారమ్మది. ఎవరు ఎందులో వేశారో బయటివాళ్ళకు తెలియదు.

"సోమలింగం, ఏమిటిది?"

"కంగారు పడకండి దొరా. వీళ్ళూ ఓటర్లే కదా. మిగతావాళ్ళలో డెబ్బై రెండు మనవైతే వీళ్ళలోనూ డెబ్బై రెండు మనవే ఉంటాయి. లెక్క అంతే."

"వీళ్ళని అడిగావా?"

"అడగలేదు."

వరసలో ఉన్న ముసలి కప్ప బసవయ్య నోట్లో రాయి పక్కన పెట్టి భూషయ్య వైపు తిరిగాడు.

"నమస్కారం అయ్యా. మీ సభ బాగా జరిగింది. మా నెత్తి మీదే జరిగింది కాబట్టి ఒక్క ముక్క కూడా పోకుండా విన్నాం. ఆ చిందులకి మావాళ్ళు పదకొండుమంది నలిగిపోయారు. ఉంటే ఎంత, పోతే ఎంత అన్నారు చూడండి, ఎంతో చూపిద్దామని వచ్చాం."

రాయి మళ్ళీ నోట్లో పెట్టుకుని గుహలోకి గెంతాడు.

పొద్దు వాలేలోపు లెక్క తేలింది. నాంచారమ్మ గుంట నిండి పొర్లింది, పదహారువందల డెబ్బై. భూషయ్య గుంటలో తొంభై ఆరు.

"కప్పలు" అన్నాడు భూషయ్య. "ఈ కప్పలే లేకపోతే నేనే గెలిచేవాణ్ణి."

పెద్దమ్మ జాబితా తిరగేసింది. "లేదు నాయనా. ఓటేసిన కప్పలు పదకొండువందల అరవై. అవన్నీ తీసేసినా ఆవిడకి ఐదువందల పది మిగులుతాయి. నీకు తొంభై ఆరే."

భూషయ్య తడబడుతూ అడిగాడు. "తొంభై ఆరేమిటి? మా మందే నూట నలభై కదా."

"ఓటుకి వచ్చింది తొంభై ఆరే. తక్కినవాళ్ళు రాలేదు."

భూషయ్య వెనక్కి తిరిగాడు. ఒళ్ళంతా కొత్త బురద పూసుకుని అప్పుడే వచ్చిన నలభై నాలుగు పందులు నేలచూపులు చూస్తున్నాయి. వాటిలో ఒకటి గొణిగింది. "డెబ్బై రెండు మనకే అన్నారుగా. ఎలాగూ గెలుస్తున్నాం, నా ఒక్క రాయి కోసం అంతదూరం ఎందుకని... వాన పడి గుంటలు కూడా బాగున్నాయి."

భూషయ్య మెల్లగా లెక్క వేసుకుంటున్నాడు. మంద నుంచి వచ్చినవాళ్ళు తొంభై ఆరు. గుంటలో రాళ్ళు తొంభై ఆరు. అంటే ఏడు కోనల్లో బయటివాళ్ళు ఒక్కరంటే ఒక్కరు కూడా తనకు వేయలేదు. పుల్లమ్మ వైపు చూశాడు.

"మనస్ఫూర్తిగా నాకే వేస్తానన్నావట."

"అన్నాను" అంది పుల్లమ్మ. "మూడు నక్కలు వాకిట్లో కూర్చుని అడిగితే కుందేలు ఇంకేం చెబుతుందయ్యా? వాళ్ళు లేచి వెళ్ళడానికి ఏ మాట చెప్పాలో ఆ మాట చెప్పాను."

భూషయ్య ఇంకొంచెం ఆలోచించాడు. ఆలోచించి నిదానంగా సోమలింగం వైపు తిరిగాడు.

"బయటివాళ్ళు ఒక్కరూ వేయలేదు. నువ్వూ నా మందవాడివి కాదుగా. మరి నీ రాయి?"

సోమలింగం చెవి గోక్కున్నాడు. "మీ తర్వాత వచ్చే నీళ్ళు మేం కూడా తాగలేకపోతున్నాం దొరా."

"మరి ఈ మాట నాకెందుకు చెప్పలేదు?"

"నన్నెవరూ అడగలేదు."

వానలున్నన్నాళ్ళూ వంతుల తేడా ఎవరికీ తెలియలేదు. మళ్ళీ రోహిణి వచ్చింది. నాంచారమ్మ వంతులు చదివింది. మొదట తన మంద, చివర పందులు. ఆనవాయితీ తప్పించలేదు. ఒక్కటి మాత్రం మార్చింది, ఏ మంద పిల్లలైనా సరే పిల్లలన్నీ ముందే తాగాలంది. పందిపిల్లలు దుప్పిపిల్లల పక్కన మూతులు పెట్టి గుటగుటా తాగుతుంటే భూషయ్య గట్టు మీద నిలబడి చూశాడు.

పొద్దెక్కి, అందరూ వెళ్ళాక అతని వంతు వచ్చింది. దిగి ఒక్క గుక్క నోట్లోకి తీసుకున్నాడు. మింగలేక ఉమ్మేశాడు.

"ఇదా?" అన్నాడు. "ఐదేళ్ళూ మీ పిల్లలు తాగింది ఇదా?"

"ఇదే" అంది గట్టు మీద ఆగిపోయిన నాంచారమ్మ. "ఒక్కసారి వచ్చి అడిగుంటే చెప్పేదాన్ని."

నీతి: భయపడేవాళ్ళని అడిగితే వాళ్ళ మనసు తెలియదు, నీకు నచ్చే మాటే దొరుకుతుంది.