డోలీ ఎక్కిన ఇంజన్

కొండ మీద ఒక ఊరు. ఊరికి ఒక కారు. ఆ కారుకు ఒక డ్రైవరు. ఆయన పేరు బంగారయ్య.

పురుడొచ్చినా, పాము కరిచినా, ఇరవై మలుపులు దిగి కింది ఆసుపత్రికి చేరాలంటే ఆ కారే దిక్కు. ఊరంతా కలిసి కొనుక్కున్న కారు అది. పద్నాలుగేళ్లుగా బంగారయ్యే దాన్ని తోలుతున్నాడు.

ఒకనాడు నిండు గర్భిణిని ఎక్కించుకుని దిగుతుంటే పదో మలుపు దగ్గర ఇంజన్ కీచుమని అరిచి పట్టేసింది. మళ్లీ కదల్లేదు. ఆమెను డోలీ కట్టి మోసుకెళ్లారు. తల్లీబిడ్డా దక్కారు. కానీ ఊరు హడలిపోయింది. హడలిన ఊరికి, తప్పు మోపడానికి ఒక మనిషి కావలసి వచ్చాడు.

"ఆయిలు చూసుకోకుండా తోలాడు. ఇంజన్ని చంపేశాడు," అన్నాడు ఊరి పెద్ద.

"పొద్దున్నే పుల్ల ముంచి చూశానండీ. నిండుగా ఉంది," అన్నాడు బంగారయ్య. ఎవరూ నమ్మలేదు. మర్నాటి నుంచి టీకొట్టు బల్ల మీద అతనికి ఎవరూ జరిగి చోటివ్వలేదు.

కారును తుక్కు కింద అమ్మేద్దామని పెద్దలు కూర్చున్న రోజున అతను లేచి నిలబడ్డాడు.

"వానలు పడేదాకా ఆగండి. ఇంజన్ని మా ఇంటికి తీసుకుపోయి బాగు చేస్తాను."

"నీకు తోలడం వచ్చు. విప్పడం వచ్చేటి?" అన్నాడు ఊరి పెద్ద.

"రాదండి. నేర్చుకుంటాను."

కొందరు నవ్వారు. ఊరి పెద్ద మాత్రం, "సరే, పట్టుకుపో," అన్నాడు.

ఇంజన్ వసారాలోకి వచ్చింది. బంగారయ్య పానా పట్టుకుని దాని ముందు కూర్చున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. పక్కింటి నూకరత్నం గోడ మీదుగా చూసి, కాసేపాగి తనే వచ్చింది. ముప్పై ఏళ్లుగా ఆ చుట్టుపక్కల కుట్టుమిషన్లన్నీ బాగుచేసేది ఆవిడే.

"ఇంత పెద్ద మిషన్ నేనూ విప్పలేదు తమ్ముడూ. అయినా ఏ మిషనైనా మనల్ని అడిగేది ఒకటే."

"ఏటక్కా?"

"విప్పినట్టే బిగించమని."

బంగారయ్య భార్య తన పాత చీర తెచ్చి నేల మీద పరిచింది. విప్పిన ప్రతి నట్టూ, ప్రతి బోల్టూ ఆ చీర మీద వరసలో కూర్చుంది. పక్కనే సుద్దముక్కతో అంకె పడింది. ఒకటి కిరసనాయిల్లో కడిగి, తుడిచి, దాని చోట పెట్టేదాకా రెండోదాన్ని ముట్టనిచ్చేది కాదు నూకరత్నం. మొదట్లో బంగారయ్యకు ఒళ్లు మండేది. పది రోజులయ్యేసరికి, ఆవిడ చెప్పకముందే అతని చెయ్యి ఆగడం నేర్చుకుంది. అన్నంలో కూడా కిరసనాయిలు కంపేనని భార్య విసుక్కునేది. విసుక్కుంటూనే ఇంకో చీర తెచ్చేది.

లోపల సిలిండర్లు గీసుకుపోయాయి. వాటిని నునుపు చేయించాలంటే అవి ఉన్న బరువైన ఇనప దిమ్మను కింద లేతు షాపుకు చేర్చాలి. చేర్చడానికి కారు లేదు. బంగారయ్య దాన్ని డోలీలో కట్టాడు. రెండో కొస మొయ్యడానికి ఊళ్లో ఎవరూ ముందుకు రాలేదు. చివరికి ఆనాటి గర్భిణి భర్త వచ్చాడు.

"నా బిడ్డ నీ కారులో సగం దూరం దిగింది. మిగతా సగం నేను మోశాను. బాట నాకు తెలుసు. పట్టు," అన్నాడు.

ఇద్దరూ భుజాలు మార్చుకుంటూ దిగారు, మూడో రోజుకు ఎక్కారు.

బిగించే ముందు, ఆయిలు పారే కన్నాలన్నీ సైకిల్ పుల్లతో పొడిచి చూడమంది నూకరత్నం. ఒక కన్నంలో పుల్ల ఆగిపోయింది. గట్టిగా నెడితే, రాయిలా బిగుసుకుపోయిన జిగురు ముద్ద ఊడి కింద పడింది. చింతగింజంత ఉంది.

బంగారయ్య దాన్ని తీసి వెలుగులో తిప్పి చూశాడు. ఆయిలు ఉంది. కానీ చేరాల్సిన చోటికి చేరలేదు. కిందటేడు ఇంజన్ విప్పి, ఆయిలు కారకుండా అతుకులకు చేతికొచ్చినంత జిగురు రాసి మూసింది ఊరి పెద్ద సొంత తమ్ముడే.

"నీ సాక్ష్యం దొరికింది. తీసుకెళ్లి ఊరి పెద్ద ముందు పెట్టు," అంది నూకరత్నం.

బంగారయ్య ఆ ముద్దను గుప్పిట్లో పట్టుకుని విసవిసా వీధిలోకి నడిచాడు. ఊరి పెద్ద ఇల్లు కనిపిస్తోంది. సగం దూరంలో నిలబడిపోయాడు. వెనక్కి వచ్చాడు.

"అక్కా, ఇది చూపిస్తే ఇంజన్ తిరుగుతుందా?"

"తిరగదు."

"వానలు దగ్గరికొచ్చేశాయి మరి."

ముద్దను కాలవలోకి విసిరేసి, సైకిల్ పుల్ల తీసుకుని రెండో కన్నం దగ్గర కూర్చున్నాడు. నూకరత్నం కిరసనాయిలు గిన్నె అతని పక్కకు జరిపింది.

బిగించడం మొదలైంది. మూడో బేరింగు బిగించగానే లోపలి ఇరుసు బిర్రబిగుసుకుంది. ఇంకాస్త బలం పెడదామని పానా మీదికి వంగినవాడు ఆగాడు. బిగించినవన్నీ మళ్లీ విప్పాడు. ఇందాక ఒక బేరింగు మూతను తిరగేసి పెట్టాడు, అంతే. సరిచేసి బిగించాక రెండు వేళ్లతో తిప్పితే ఇరుసు మెత్తగా తిరిగింది.

ఇంజన్ మళ్లీ కారులోకి ఎక్కిన రోజున ఊరంతా చూడ్డానికి వచ్చింది. మొదటిసారి తాళం తిప్పితే దగ్గి పొగ కక్కింది. రెండోసారి అదీ లేదు. ఎవరో పకపకా నవ్వారు. బంగారయ్య దిగాడు. కంగారు పడలేదు. ఒక్కొక్క తీగా చేత్తో తడిమి, వదులైనదాన్ని నొక్కి, మళ్లీ ఎక్కి తాళం తిప్పాడు.

ఇంజన్ అందుకుంది.

డప్పులు మోగాయి. కిరసనాయిలు చేత్తో కళ్లు తుడుచుకుని, అవి మండితే నవ్వుతూ ఏడ్చింది నూకరత్నం. కారు ఇరవై మలుపులూ దిగి, ఎనిమిది మందితో ఎక్కడా ఆగకుండా పైకొచ్చింది. జనం బంగారయ్యను భుజాల మీదికి ఎత్తుకున్నారు.

ఊరి పెద్ద దగ్గరికొచ్చాడు. వెనకాల ఆయన తమ్ముడు నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

"నిన్ను అనరాని మాటలన్నాం బంగారయ్యా. లోపలంతా చూసినవాడివి. ఇప్పుడు చెప్పు, తప్పు ఎక్కడుంది?"

బంగారయ్య కిందికి దిగి బానెట్ ఎత్తాడు. లోపల ఇంజన్ నడుస్తూనే ఉంది.

"వినండి."

ఊరి పెద్ద వంగి చెవి పెట్టాడు. చాలాసేపు విన్నాడు. తమ్ముడు కూడా మెల్లగా వచ్చి, అన్న పక్కనే తల వంచాడు.

"తేడా ఏటీ వినబడ్డం లేదు," అన్నాడు ఊరి పెద్ద.

"అదేనండి," అన్నాడు బంగారయ్య.