సూరమ్మ సగం పెంకు

మా ముత్తవ్వ సూరమ్మకి కోపమొస్తే కుండలు కాల్చే ఆవం నిప్పు లేకుండానే రాజుకునేది, నా మీసం మీద ఒట్టు! ముప్పై ఏళ్లు మట్టి తొక్కి చేయించుకున్న కాసులపేరుని ఆమె రాజుగారి ఖజానాలో దాచింది. ఖజానావాళ్లు ఒక పెంకుని విరిచి సగం ఆమెకిచ్చారు, సగం తాముంచుకున్నారు. రెండూ అతికితేనే నగ తిరిగిస్తారు.

ఒకరోజు పట్టు తలపాగావాడొకడు గుమ్మంలో నిలబడి గర్జించాడు. "ఖజానా అధికారిని! నీ నగకి దొంగల భయముంది. ఎవరికీ చెప్పకుండా నీ పెంకు ఇటివ్వు, త్వరగా!"

సూరమ్మ పళ్లు నూరుతూ పెంటకుప్పలోంచి ఒక పెంకు తీసిచ్చింది. వాడు ఖజానాకి పరుగెత్తాడు. పెంకు అతకలేదు. భటులు వాణ్ణి పట్టుకున్నారు.

"ఆ ముసల్ది నన్ను మోసం చేసింది!" అని వాడు ఏడ్చాడు.

వెనకే వచ్చిన సూరమ్మ అరిచింది. "నువ్వు అధికారివైతే రెండో సగం నీ దగ్గరే ఉండేది కదరా, దొంగవెధవా! నా గుమ్మంలోనే అతికించి చూసుకునేవాడివి!"

ఆ కేకకి పగిలిన కోటగోడ ఇప్పటికీ అతకలేదు.