చివరి తొట్టిని పలకరించని పెట్టె

అనగనగా ఒక ఊళ్ళో, సముద్రం పక్కన, రొయ్య పిల్లల్ని పెంచే పెద్ద షెడ్డు ఉండేది. దాన్నిండా నీళ్ళ తొట్లే. ఒక్కో పిల్ల నీ కనురెప్ప వెంట్రుకంత ఉండేది బంగారూ. గొట్టాల్లోంచి గాలి వస్తుంటే నీళ్ళలో బుడగలు గుబగుబమంటూ లేచేవి. ఆ గాలి ఆగిందా, పిల్లలు బతకవు.

వాటిని సాకేది నూకరత్నం. ఆమె గది గోడకి ఒక పెట్టె ఉండేది. తొట్లన్నిటి నుంచీ సన్నటి తీగలు అందులోకి వచ్చేవి. పెట్టెలోంచి మాత్రం ఒకే ఒక్క తీగ, అవతల ఇంజను గదిలో ఉండే ఆమె మొగుడు అప్పలకొండ దగ్గరికి పోయేది.

ఒకే తీగ కదా, తొట్లన్నీ ఒక్కసారే అరిస్తే ఏం వినపడుతుంది? అందుకే పెట్టె వంతులవారీగా పలకరించేది. 'గాలి అందుతోందా?' టిక్కు. 'అందుతోంది.' ఆ తర్వాత పక్క తొట్టి. టిక్కు. పాత మాటే చెబితే ఊరుకునేది. మాట మారితేనే, ఫలానా తొట్టికి ఫలానా వేళ గాలి ఆగిందని తీగ మీద కబురంపేది. అప్పుడు అప్పలకొండ దగ్గర గంట మోగి, ఎర్రదీపం వెలిగేది.

నూకరత్నం చంటిదానికి ఆ టిక్కులే జోలపాట. చివరి టిక్కుకి కళ్ళు మూతలు పడేవి.

ఒకసారి చివరి తొట్టి ఖాళీ చేసి గాలి కట్టేశారు. ఇక ఎర్రదీపం ఆరితే ఒట్టు.

"దాన్ని చూసి చూసి నా కళ్ళు పోతన్నాయే. ఖాళీ తొట్టిని అడగడం దేనికి? ఆపెయ్యి" అన్నాడు అప్పలకొండ.

"అలాగేలే మావా" అని నూకరత్నం పెట్టెలో ఆ తొట్టి మీట కిందికి దించింది. ఆ తర్వాత అందులో కొత్త పిల్లల్ని పోశారు, గాలి గొట్టమూ పెట్టారు. మీట సంగతి ఇద్దరూ మరిచారు. మతిమరుపు మొహాలు!

ఆ మధ్యాహ్నమే చివరి తొట్టిలో గొట్టం ఊడింది. బుడగలు ఆగాయి. పెట్టె అందర్నీ పలకరించింది, దాన్ని దాటిపోయింది.

ఇక్కడ చంటిది ఒకటే ఏడుపు. నూకరత్నం వాము నీళ్ళు పట్టింది. మానలేదు. అప్పుడు ఉప్పుతో దిష్టి తీసింది. మానలేదు. ఆ తర్వాత ఉయ్యాల కిటికీ దగ్గరికి జరిపి, తనూ పక్కనే కూర్చుంది. టిక్కు, టిక్కు... చంటిదాని రెప్పలు వాలుతున్నాయి. చివరి టిక్కు రాలేదు. కళ్ళు తెరిచి మళ్ళీ ఏడుపు.

నూకరత్నం చప్పున పెట్టె వైపు చూసింది. చివరి తొట్టి మీట ఇంకా కిందికే ఉంది. "ఓలమ్మో, మీట" అంటూ లేచి మీట ఎత్తింది. చివరి తొట్టికి పరుగెత్తింది. పిల్లలు సోలిపోయి అడుక్కి దిగుతున్నాయి. 'నా చేతులారా చేశాను తల్లీ' అనుకుంటూ, మోచేతుల దాకా ముంచి గొట్టం వెతికింది.

ఈలోపు పెట్టె చివరి తొట్టినీ పలకరించింది. 'గాలి లేదు.' కబురు తీగ మీద పోయింది, గంట మోగింది, అప్పలకొండ పరుగున వచ్చాడు. ఇద్దరూ కలిసి గొట్టం బిగించారు. ఒక బుడగ. ఇంకో బుడగ. ఆ తర్వాత గుబగుబమని బోలెడు. పిల్లలు మెల్లగా పైకి తేలాయి.

పెట్టె పలకరింపు మళ్ళీ చివరి తొట్టి దాకా తిరిగొచ్చింది. 'గాలి అందుతోందా?' టిక్కు. 'అందుతోంది.' ఎర్రదీపం ఆరింది.

నూకరత్నం తడి చేతులతో గదిలోకి వచ్చి చూసింది. చంటిది నిద్రపోయింది.

అందర్నీ అడిగొచ్చి కథ కంచికి,
అలకమాని నిద్రమ్మా, రా మా ఇంటికి.